లారీకి టర్బో సరే, బ్రేకుల సంగతేంటి?

మా పాత డీజిల్ లారీకి టర్బో ఛార్జరు, ఐదు గేర్ల కొత్త బాక్సు పెట్టించాం. నెల రోజులుగా రాజమండ్రి షెడ్డులో ఉన్న బండి ఈ ఉదయమే రావులపాలెం వచ్చింది. మా అన్నయ్య మురిసిపోతూ అరటి మార్కెట్‌కి వచ్చినవాళ్లందరికీ బానెట్ ఎత్తి మరీ చూపించాడు.

పదహారేళ్లుగా ఆ బండి నడుపుతున్న సత్యం మాత్రం హైవే మీద ఒక చుట్టు తిప్పి వచ్చి, ముఖం వేలాడేసుకుని దిగాడు.

"బాగానే లాగుతుందండి. బ్రేకులే పాతవి కదండి. లోడుతో ఈ స్పీడు మీద ఆగదండి," అన్నాడు.

"ఇన్నాళ్లూ ఆగిందిగా? భయమైతే చెప్పు, ఇంకో డ్రైవర్ని పిలుస్తాను," అన్నాడు అన్నయ్య.

సత్యం మళ్లీ క్యాబిన్ ఎక్కబోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మనవాడికీ లైసెన్సు ఉందిగా, ఈ ట్రిప్పు వాడిని పంపుదామా?" అని అడిగాను. మనవాడంటే అన్నయ్య కొడుకు.

"వాడు చదువుకుంటున్నాడ్రా," అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

గెలలన్నీ వేరే లారీకి ఎక్కించి, మా బండిని తిరిగి షెడ్డుకి పంపేశాను. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. నిజానికి బ్రేకుల మాట మెకానిక్ అప్పుడే ఎత్తితే, తర్వాత చూద్దామన్న ఇద్దరిలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ సాయంత్రం నా మీద నాకే రోతగా ఉంది. లారీలున్నవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి, డ్రైవరు ప్రాణం గురించి మీ ఇళ్లలోనూ ఇలాగే మాట్లాడుకుంటారా?