పక్క వరుసలో పెద్దమ్మ

బెంగళూరులో, బెళ్ళందూరు ఆఫీసులో నా పని వీడియోలు చూడటం. ఒంగోల్లో మా అమ్మ ఈ మాట చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేది, సినిమాలు చూస్తే జీతమిస్తారట అని. రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. జనం ఇళ్లలో తీసుకున్న వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టుకునే సైటు ఒకటి నడిపేవాళ్లం. ఎవరైనా ఒక వీడియో చూస్తుంటే దాని పక్కనే నిలువుగా ఇంకొన్ని బొమ్మలు వరుసగా కనిపించేవి, ఇవి కూడా చూడండి అంటూ. ఆ వరుసను మనుషులెవరూ పేర్చరు. ఎవరు దేని తర్వాత దేన్ని నొక్కారో చూసుకుని ఒక ప్రోగ్రాం పేరుస్తుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటం నా ఉద్యోగం. సరిగ్గా అంటే మా ఆఫీసులో ఒకటే అర్థం. చూసేవాడు లేచి పోకుండా ఇంకోటి నొక్కాలి.

నేను అద్దెకున్నది మాత్రం ఊరికి ఆ కొసన, పేట అని పిలిచే బజారు వీధుల్లో, ఒక పాత ఇంటి మేడ మీద గదిలో. కింద ఇంటివాళ్లు తాతల కాలంలో మగ్గాలతో వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లు. ఆయనకు చిన్న పట్టుచీరల కొట్టు ఉండేది. ఆవిడ పెళ్లికూతుళ్లకు చీర కట్టేది. చేరిన కొత్తలో నేను ఆంటీ అని పిలిస్తే, "ఆంటీ ఏందప్పా, కొట్లో గిరాకీని పిలిచినట్ల? పెద్దమ్మా అను" అంది. అప్పట్నుంచీ పెద్దమ్మే.

చీర కట్టడంలో ఆవిడ చేయి చూడాల్సిందే. పట్టుచీర ఎంత బిరుసుగా ఉన్నా కుచ్చిళ్లు అచ్చు గుద్దినట్టు పడేవి. ముహూర్తం దగ్గరపడి ఇంట్లో అందరూ అరుచుకుంటున్నా ఆవిడ మాత్రం పెళ్లికూతురితో మెల్లగా కబుర్లు చెబుతూ కట్టేది. పిల్ల భయం చీర అంచుతో పాటు సర్దుకునేది.

ఒక ఆదివారం ఆవిడే అడిగింది. "మీ ఆఫీసులో ఎవురు పడితే వాళ్లు వీడియో పెట్టొచ్చంట కదా? నేను కట్టేది కూడా పెట్టు పాపా. దూరాన ఉండే ఆడపిల్లలు చూసి నేర్చుకుంటారు."

హాల్లో కిటికీ దగ్గర నిలబడి తన ఒంటి మీదే కట్టి చూపించింది, నేను వీడియో తీశాను. ఎర్రంచు ఆకుపచ్చ చీర, మోచేతుల దాకా జాకెట్టు, తల్లో కనకాంబరాలు. పక్కింట్లో కుక్కరు కూత కూడా వీడియోలో పడింది. "బొటనవేలు, చూపుడువేలు మధ్యన పట్టుకోండి, బిగించొద్దండి" అంటూ చెప్పింది. మధ్యలో కుచ్చిళ్లు దోపుకునేటప్పుడు పైట ఇంకా భుజం మీదికి రాకముందు, పక్కకి వంగి పిన్నీసు అందుకుంది. రెప్పపాటు. చీర కట్టుకునే ప్రతి ఆడమనిషీ రోజూ చేసే పని.

మొదట్లో చుట్టాలు చూశారు. హైదరాబాదు నుంచి ఒకమ్మాయి, తన పెళ్లికి ఇది చూసే కట్టుకున్నానని కింద రాసింది. అది చదివి వినిపిస్తే పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. నెల తిరక్కముందే ఉన్నట్టుండి చూసేవాళ్లు వేలల్లోకి వెళ్లారు. ఆవిడ వీధి వీధంతా చెప్పుకుంది. "అంతమంది చూస్తా ఉండారంట!" అని ఆ రోజు చిత్రాన్నం చేసి నాకూ ఒక గిన్నె పైకి పంపింది.

నాకు మాత్రం ఆ అంకె నచ్చలేదు. కుచ్చిళ్లు నేర్చుకునేవాళ్లు ఒక్కసారిగా అంతమంది పుట్టుకురారు. మర్నాడు ఆఫీసులో వాళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నారో తెరిచి చూశాను. వాళ్లకి చీరతో పనిలేదు. బూతు పేర్లు పెట్టిన వీడియోల దగ్గర్నుంచి వస్తున్నారు. స్నానాల గదుల్లో దొంగతనంగా తీసినవి, బస్సుల్లో ఆడవాళ్లకు తెలియకుండా తీసినవి. వాటి పక్క వరుసలో మా పెద్దమ్మ. ఆవిడ వీడియో పక్క వరుసలో అవి. వచ్చినవాళ్లు వీడియోను సూటిగా ఆ పిన్నీసు క్షణానికి జరిపి, అది చూసి వెళ్లిపోతున్నారు.

వీడియోకి పైన, పుస్తకానికి అట్టలా కనిపించే బొమ్మను కూడా ప్రోగ్రామే ఎంచుకునేది. నాలుగైదు బొమ్మలు మార్చి మార్చి పెట్టి, దేన్ని ఎక్కువమంది నొక్కితే దాన్ని ఉంచేసేది. అది ఉంచింది ఆ వంగిన క్షణాన్నే. ఎవడో ఒక వెధవ చేసి ఉంటే వాణ్ని తిట్టుకునేదాన్ని. ఇక్కడ వేలమంది వెకిలితనాన్ని కూడగట్టి, దాన్ని లెక్కగా మార్చి, ఇదే మంచిదని తేల్చుకుంది ఆ ప్రోగ్రాం. అది బాగా పనిచేస్తోందని రోజూ సంతకం పెట్టేదాన్ని నేను.

మా మేనేజరు వరంగల్ ఆయన. మెత్తగా మాట్లాడతాడు, ఎవరినీ కసురుకోడు. బొమ్మ మార్చమని అడిగాను.

"మారుస్తం గానీ క్లిక్స్ పడిపోతయి కదమ్మా" అన్నాడు.

"వాటి పక్కన ఈవిడ ఉండటం తప్పు కదా అన్నా?"

"మనం పెట్టినమా? యూజర్లు చూస్తున్నరు, సిస్టమ్ చూపిస్తున్నది. అందులో మన ఒపీనియన్ ఏముంది?"

ఆ వారం మీటింగులో అదే వీడియోను గోడ మీద తెర నిండా వేశాడు, వరుస ఎంత బాగా పనిచేస్తోందో చెప్పడానికి. చూసేవాళ్ల లెక్క పైకెక్కుతున్న గీత ఒకటి, పక్కన పెద్దమ్మ వంగిన బొమ్మ. "ఆంటీ సూపర్ హిట్" అన్నాడు వెనక నుంచి ఎవడో. గది గదంతా నవ్వింది. ఇద్దరు ఆడపిల్లలు కూడా నవ్వారు. లేచి బాత్రూముకు వెళ్లి మొహం కడుక్కున్నాను.

పెద్దమ్మకు ఎలా చెప్పాలా అనుకుంటూండగానే ఆవిడకు తెలిసిపోయింది. హొసకోటెలో ఆడపడుచు మనవడి నామకరణానికి వెళ్లింది. భోజనాలయ్యాక ఆ ఇంటి అల్లుడు, అత్తయ్య వీడియో అందరికీ చూపిస్తానని కంప్యూటర్ తెరిచాడు. హాలు నిండా చుట్టాలు. పెద్దమ్మ బొమ్మ, పక్కనే ఆ వరుస. అతను గబుక్కున మూసేశాడు గానీ అప్పటికే అందరూ చూశారు.

సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులైనా విడవకుండా మెట్లెక్కి నా గదికి వచ్చింది.

"నా పక్కన ఉండేవాళ్లు ఎవురు పాపా?"

కుర్చీ ముందుకు జరిపాను. కూర్చోలేదు.

"నన్ను తీసుకుపోయి వాళ్ల మధ్యన కూచోబెట్టింది ఎవురు? చెప్పు."

"ఎవరూ కాదు పెద్దమ్మా. ఒక ప్రోగ్రాం. అదే పేరుస్తుంది."

"ఎవురూ కాకుండా ఎట్ల అయితాది? మీ ఆఫీసులో మనుషులు లేరా?"

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "మా ఆడపడుచు సిగ్గుతో చచ్చిపోయినానంటాది. నేనెందుకు సిగ్గుపడల్ల? చీర కట్టినాను, అంతే కదా. రేపు నన్ను మీ ఆఫీసుకి తీసుకుపో" అంది.

వద్దని చెప్పినా వినలేదు. మర్నాడు రెండు బస్సులు మారి నాతో బెళ్ళందూరు వచ్చింది. గేటు దగ్గర మెళ్లో విజిటర్ కార్డు వేశారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. మేనేజరు వచ్చి వంగి నమస్కారం పెట్టాడు.

"ఆంటీ, మీరు మా స్టార్. ఇంకా వీడియోలు చెయ్యండి. మంచి కెమెరా మేమే పంపిస్తం."

"స్టారు వద్దప్పా. నన్ను ఆ గలీజు నుంచి తీసేయండి."

"అది మా చేతుల లేదాంటీ. జనం ఏది చూస్తే అదే వస్తది."

"ఆ జనం మీ ఇంటి ముందర నిలబడి మీ అమ్మను అట్ల చూస్తే, మా చేతిలో లేదని తలుపు తీసి పెడతావా?"

ఆయన మొహంలో నవ్వు చెదరలేదు. "మీ ఫీలింగ్ అర్థమైంది. మీకు వద్దంటే వీడియో తీసేస్తం, ఒక్క నిమిషం" అన్నాడు. నిజంగానే అక్కడే కూర్చుని తీసేశాడు. మిగతావన్నీ, ఆ బస్సులవీ, స్నానాల గదులవీ, ఎక్కడివక్కడే ఉన్నాయి. చీర కట్టడం చూపించిన మనిషి పోయింది, రోత మిగిలింది. వెళ్తుంటే కంపెనీ బొమ్మ ఉన్న టీషర్టు ఒకటి బహుమానంగా ఇచ్చారు. పెద్దమ్మ దాన్ని కుర్చీలో వదిలేసి వస్తే, మరిచిపోయిందనుకుని సెక్యూరిటీ అతను గేటు దాకా పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టాడు.

ఇద్దరం తిరుగు బస్సెక్కాం. సగం దారిలో, "ఆ హైదరాబాదు పిల్ల రాసింది కూడా పోయిందా?" అని అడిగింది.

పోయిందన్నాను.

"అయ్యో" అంది. ఆ రోజు మొత్తంలో ఆవిడ గొంతు తగ్గింది అప్పుడొక్కసారే.

వారం తిరక్కుండా ఎవరెవరో దాచుకున్న కాపీలు పైకొచ్చాయి. చీర అన్న మాట లేదు, కుక్కరు కూత లేదు, ఆ రెప్పపాటే కత్తిరించి మళ్లీ మళ్లీ తిప్పిన ముక్కలు. కనిపించినవల్లా ఫిర్యాదు పెట్టి తీయించాను. ఒకటి తీయిస్తే ఇంకొకటి వచ్చేది. ఆవిడకు చెప్పలేదు. పెళ్లిళ్లకు వెళ్లడం ఆవిడ మానలేదు. గదిలోకి ఫోను తెచ్చినవాళ్లను మాత్రం, పెళ్లికూతురి తల్లైనా సరే, బయటికి పంపేదట.

వెంటనే ఉద్యోగం మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు. ఇంకో చోట దొరికేదాకా ఉన్నాను. ఆ చివరి రోజుల్లో ఒకసారి ఆ బూతు వీడియోల పక్క వరుసలో, ఒకప్పుడు పెద్దమ్మ ఉండే చోట కొత్త బొమ్మ చూశాను. ఎక్కడో కోస్తాలో ఒకావిడ, వాకిట్లో వంగి ముగ్గు వేస్తోంది. కూతురు తీసినట్టుంది, వెనక నుంచి "అమ్మా, ఇటు చూడు" అని వినిపిస్తోంది. చూసినవాళ్ల సంఖ్య అప్పుడే వేలల్లో ఉంది. ఆ కూతురికి నాలుగు ముక్కలు రాశాను, దీన్ని తీసేయండి, ఎందుకో అడిగితే చెబుతాను అని. జవాబు వచ్చింది, చాలా సంతోషంగా.

"మా అమ్మ ముగ్గులు ఇంతమందికి నచ్చుతుంటే ఎందుకు తీసెయ్యాలండీ?"