తుడిచాను, చూడలేదు

మా అమ్మాయి లెక్కల హోంవర్క్ చేస్తూ తప్పు రాసినప్పుడల్లా రబ్బరుతో బరబరా రుద్ది, ఆ పొట్టును ఉఫ్‌మని నా వైపు ఊదుతుంది. ఆ రబ్బరు వాసన ముక్కుకు తగిలిందంటే అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో మేం పనిచేసిన ల్యాబు, అందులో వసుంధర గారు గుర్తుకొస్తారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ల్యాబు గుమ్మం దాటితే ఆవిడ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. మంచివారని పది మందీ చెప్పుకునే రకం కూడా కాదు. ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆవిడకు నోరు పెగిలేది కాదు, తన ఫ్లాస్కులో కాఫీ ఒక్కరికీ చుక్క పోసేవారు కాదు. కానీ నేను పనిచేసే పద్ధతి ఆవిడ పెట్టిందే.

కార్ల బ్రేకులకు సెన్సర్లు తయారుచేసే చిన్న కంపెనీ అది. వాటిని పరీక్షించే కంప్యూటర్లన్నీ వసుంధర గారి పెత్తనం కింద ఉండేవి. ఇరవై ఏళ్ళకు పైగా మిషిగన్‌లో ఉన్నా ఆవిడ మాటలో తెనాలి చెక్కుచెదరలేదు. ఏ కంప్యూటర్ విప్పాలన్నా ముందు బంగారు గాజులు మోచేతి దాకా తోసుకుని, ఒంట్లోని స్టాటిక్ కరెంటు లోపలి భాగాలకు తగలకుండా మణికట్టుకు పట్టీ కట్టుకునేవారు. "ఊరికే ఆగిపోతోందండీ" అని ఎవరైనా వచ్చి చెబితే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. ఊరికే అన్నం కూడా ఉడకదు, కంప్యూటర్ ఊరికే ఆగుతుందా అని, ఆగినప్పుడు తెర మీద ఏముందో రాసుకుని రమ్మని వెనక్కి పంపేసేవారు. మేం నవ్వుకునేవాళ్ళం, కాస్త దూరం పోయాక.

ఒక చలికాలం ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి సెలవు పెట్టారు. సరిగ్గా అప్పుడే ఒక కంప్యూటర్ రోజుకు రెండు మూడు సార్లు నీలి తెర చూపించి ఆగిపోవడం మొదలుపెట్టింది. దాని మీద నడిచేది నరేష్ రాసిన ప్రోగ్రాం. నరేష్‌ది వరంగల్, కాంట్రాక్టు మీద కొత్తగా చేరాడు, పెళ్ళై ఏడాది. కంప్యూటర్ లోపల ఏమైనా పాడైందేమో చూడాల్సింది నేను. చూశాను, నాకు తెలిసిన పద్ధతిలో. అమీర్‌పేటలో కంప్యూటర్ రిపేరు నేర్చుకున్నవాడెవడికైనా తెలిసిన వైద్యమే అది: మెమరీ స్టిక్కులు ఊడబీకి, వాటి అంచున ఉండే బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ నొక్కిపెట్టడం. కంప్యూటర్ లేచింది. రెండు రోజులు చక్కగా నడిచింది. హార్డ్‌వేర్ చెక్ చేశాను, బాగానే ఉంది అని మేనేజరుకు మెయిల్ పెట్టేసి చేతులు దులుపుకున్నాను.

మూడో రోజు మళ్ళీ ఆగింది. నా మెయిల్ ఉండనే ఉంది కాబట్టి, తప్పు ప్రోగ్రాందేనని అందరూ తేల్చేశారు. నరేష్ మూడు వారాలు దాన్ని తిరగరాస్తూనే ఉన్నాడు. చివరికి మేనేజర్, శుక్రవారం మీటింగు లోపల తేలకపోతే కాంట్రాక్టు ఆపేస్తానన్నాడు. హెచ్ వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ సంగతి మాకెవరికీ ఒకరు చెప్పనక్కర్లేదు. నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే, జాలి ఒక్కటే వేసింది.

బుధవారం పొద్దున వసుంధర గారు చేతికర్ర పట్టుకుని వచ్చారు. కుర్చీలో సర్దుకుని కూర్చోకుండానే ఆ కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ మిగిల్చిన రికార్డు తెరిపించి వరసగా చదివారు. ప్రతిసారీ వేరే చోట, వేరే పనిలో ఉండగా ఆగింది.

"మనిషి రోజూ ఒకే చోట పడుతుంటే రోడ్డులో గుంట ఉన్నట్టు. రోజుకో చోట పడుతున్నాడంటే ముందు కాలు చూపించుకోవాలి" అన్నారు. అంటే ప్రోగ్రాం కన్నా ముందు కంప్యూటర్‌నే అనుమానించాలని. తర్వాత నా వైపు తిరిగారు. "చెక్ చేశానని రాశావుగా రఘూ. ఏం చేశావు?"

"రబ్బరుతో రుద్దానండి."

"అది తుడవడం నాయనా. చూడటం కాదు."

గొంతు పెంచలేదు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. స్టిక్కులు నాలుగూ తీయించి, ఒక్కోదానికి టేపు ముక్క అంటించి అ, ఆ, ఇ, ఈ అని రాశారు. స్టిక్కులు గుచ్చే స్లాట్లకు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి కాబట్టి వీటికి మనవి పెడితే కలగాపులగం కాదన్నారు. ఒక్కొక్క స్టిక్కునే పెట్టి, మెమరీలో ప్రతి గదిలోనూ ఒక అంకె రాసి, రాసిందే తిరిగొస్తోందా అని చూసే ప్రోగ్రాం నడిపించాం. ఒక్కోదానికి గంటలు పట్టింది. విసుగొచ్చి, రెండేసి పెట్టి చూద్దామా అన్నాను. రెండు కలిపి పెడితే దొంగ ఏదో, దొర ఏదో ఎలా తెలుస్తుందని కసిరారు. గురువారం మధ్యాహ్నం 'ఇ' మూడో చుట్టులో తప్పులు చూపించింది. అప్పటికీ ఆవిడ ఊరుకోలేదు. దాన్ని వేరే స్లాట్‌లో పెట్టించారు, అక్కడా అవే తప్పులు. దాని పాత స్లాట్‌లో 'ఆ'ను పెడితే ఒక్క తప్పూ లేదు. స్లాటు మంచిదే, పాడైంది స్టిక్కు.

రిపోర్టు ఆవిడే పంపుతారనుకున్నాను. నన్నే రాయమన్నారు. "మరింత పరిశీలించగా మెమరీలో లోపం బయటపడింది" అని ఇంగ్లీషులో నున్నగా రాసి చూపించాను. చదివి, ఇది ఎవరు రాశారో, మొదట ఎవరు ఏం చేశారో ఇందులో లేదన్నారు. నా వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు అదే మేనేజర్ సంతకం కోసం ఆగి ఉన్నాయి. ఆ మాటే నసుగుతూ చెప్పాను.

ఆవిడ గాజులు కిందికి జార్చుకున్నారు. "తెలుసు. భయపడవద్దని నేను చెప్పను. కానీ ఆ అబ్బాయి తన తప్పు కాదని చెప్పినా ఎవరూ నమ్మరు. నువ్వు చెబితే నమ్ముతారు."

కూర్చుని మళ్ళీ రాశాను. నేను మెమరీని పరీక్షించలేదు, తుడిచి పెట్టేసి, పరీక్షించానని మొదటి మెయిల్‌లో రాశాను, ప్రోగ్రాంలో తప్పున్నట్టు ఆధారం ఏదీ లేదు అని. పంపేశాను. మేనేజర్ నాతో నెల రోజులు ముఖమిచ్చి మాట్లాడలేదు. ఎక్స్‌టెన్షన్ మీద సంతకం ఆఖరి వారంలో పెట్టాడు. అప్పటిదాకా నాకు నిద్ర లేదు. నరేష్ కాంట్రాక్టు నిలబడింది.

ఆ శుక్రవారమే, మీటింగయ్యాక నరేష్ నా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. "మెయిల్ చదివిన అన్నా. ఏం కాదు తియ్యి" అన్నాడు. వెళ్ళబోతూ, "మూడు వారాల సంది నా కోడ్‌ని నేనే నమ్మలే. మంచిగున్నది కూడా తీసేసిన" అన్నాడు.

అంత సిగ్గు మళ్ళీ ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. ఎవరైనా "చెక్ చేశాం" అని మెయిల్ పెడితే లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏం చేశారో చెప్పమంటాను. చాదస్తమని వాళ్ళలో వాళ్ళు అనుకుంటారని తెలుసు. అయినా అడుగుతాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంకెక్కడో ఒక మనిషి, తను సరిగ్గా చేసిన పనిని తనే చెరిపేసుకుంటూ కూర్చుని ఉంటాడేమోనని నా భయం.