రూతమ్మ పాటల మీద పడిన రాత

క్రితం నెల మొదటి శుక్రవారం, పొద్దున్న పదకొండుంపావు. ఉప్పలగుప్తంలో మా రొయ్యల చెరువు గదిలో తమ్ముడి కూతురు సునీత కంప్యూటరు చూస్తోంది. ఏది మార్చినా అది పాత రాతను ఉంచి, కొత్తది వేరేచోట రాస్తుందట. దాంతో పని నెమ్మదిస్తోందని ఆ అలవాటు మాన్పించింది.

"పాతది నిజంగా పోతోందో లేదో పరీక్షించాలి పెదనాన్నా. అక్కర్లేని ఫైలొకటి చూపించండి."

పేర్లన్నీ మా అబ్బాయి ఇంగ్లీషులో పెట్టాడు. నేను అరవయ్యో ఏట చర్చి బడిలో నేర్చినవి తెలుగు అక్షరాలే.

"ఇంగ్లీషు కూడా వచ్చేసిందాండీ పెద్దాయనా?" అన్నాడు రొయ్యలకు మేత వేసే ఏసుదాసు.

సిగ్గేసి ఒకదాని మీద వేలు పెట్టాను.

"చూసుకున్నారా అండీ?" అనడిగింది సునీత.

"ఆయ్, చూసేనమ్మా. తుడిచెయ్యి."

సునీత దాన్ని తెరవకుండానే నిండా సున్నాలు రాయించి, పాతది వెతికింది.

"ఎక్కడా లేదండి. పనిచేస్తోంది," అని నవ్వింది.

ఆ చేత్తోనే రూతమ్మ పాటలు తియ్యమన్నాను. ఫైళ్లన్నీ తెరిచి చూసింది. అవి లేవు; ఇందాక తుడిపించింది వాటినే. నా భార్య రూతమ్మ మంచాన పడ్డాక పాడుతుంటే, ఒక్క వేలితో నేను కొట్టిన పదకొండు నాట్ల పాటలవి. ఆవిడ పోయాక అవి తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

సునీత ఏడ్చింది. తప్పు ఆ పిల్లది కాదు. ఇంగ్లీషు చదవలేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు అక్కడ ఉన్నది సునీత, ఏసుదాసు, నేను.