అత్తగారు పడ్డ కరపత్రం

ఆ వీధిలో అందరూ ఆమెని చెత్తబుట్ట మేడమ్ అంటారు. ఎదురుగా అనరు గానీ ఆమెకి తెలుసు. తెలిసీ ఊరుకుంటుంది, అందులో అబద్ధం లేదు గనక. కరపత్రాలు, బ్రోషర్లు, గోడ పోస్టర్లు డిజైన్ చేయడం ఆమె వృత్తి. ఊళ్లో ఆ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ పంచిన మర్నాడు గ్లవుజులు తొడుక్కుని, బస్‌స్టాపు పక్కనున్న చెత్తబుట్టలో చెయ్యిపెట్టి, తన కాగితాలకి ఏ గతి పట్టిందో చూసుకునేది మాత్రం ఆమె ఒక్కతే.

"క్లయింటు బాగుందంటాడు, అందులో వాడి ఫొటో ఉంటుంది కాబట్టి. ప్రెస్సువాడు బాగుందంటాడు, మళ్లీ అచ్చుకి రావాలి కాబట్టి. మొహమాటం లేనిది ఈ బుట్ట ఒక్కటే" అంటుంది. కాగితం ఉండ చుట్టి ఉంటే, చదివి చిరాకుపడ్డారని లెక్క. మడత నలగకుండా తళతళలాడుతూ ఉంటే, అసలు చూడనేలేదని. కింది మూల చింపుకుని మిగతాది పారేశారంటే ఆ రోజు ఆమెని పట్టలేం. ఫోన్ నంబరు ఎప్పుడూ ఆ మూలనే వేస్తుంది, చింపుకుపోవడానికి వీలుగా.

ఒక కాగితానికి ఒకే మాట అని ఆమె పట్టు. పళ్ల డాక్టరు తన డిగ్రీలన్నీ వెయ్యమంటే, "పన్ను సలుపుతున్నవాడికి ఇవన్నీ చదివే ఓపికుంటుందా డాక్టరుగారూ? నొప్పి తగ్గిస్తానని చెప్పండి చాలు" అనేసింది. ఆయన మళ్లీ రాలేదు. అలాంటి మనిషికి చివరికి అత్తగారే క్లయింటుగా దొరికారు.

అత్తగారు సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఒక్క ప్రమాదం లేదు. అందుకిచ్చిన పతకం హాల్లో టీవీ కన్నా ఎత్తున వేలాడుతుంది. వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా కూర్చుంటే, ఫ్యాను వేసే నెపంతో ఆవిడ వాళ్ల తల అటు తిప్పిస్తారు. రిటైరయ్యాక ఊరుకోలేక నడివయసు ఆడవాళ్లకి సైకిలు నేర్పుతానని బయల్దేరారు. పాత గౌరవం కొద్దీ డిపో మేనేజరు వెనక ఆవరణ వాడుకోమన్నాడు గానీ మెలిక పెట్టాడు. నెలాఖరుకి పది మందైనా చేరకపోతే, ఆ స్థలం పాత కార్లు అమ్మేవాడికి ఇచ్చేస్తాడట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడకి సరిగా అన్నం సయించడం లేదు. స్టీరింగు వదిలాక తను ఎవరికీ అక్కర్లేదన్న బెంగ ఆవిడని లోలోపల తినేస్తోంది. ఈ క్లాసు కూడా పోతే మళ్లీ తేరుకోవడం కష్టమని కోడలికి తెలుసు, భయంగానూ ఉంది.

అయినా కరపత్రం దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ బద్ధశత్రువులే.

"నా యూనిఫామ్ ఫొటో పెద్దగా వెయ్యి. పతకం కనబడాలి. పక్కన సైకిలు వల్ల లాభాలు రాయి. మోకాళ్లకి, గుండెకి, అరుగుదలకి..."

"అత్తయ్యా, ఇది కరపత్రమా, మందుల చీటీయా?"

"మరి ఇంత చోటు ఊరికే వదిలేస్తావా? ఖాళీ జాగాలో ఎవరైనా సంతకం పెడతారా ఏంటి?"

చివరికి కోడలే గెలిచింది. లేత నీలం కాగితం, దాని మీద నాజూగ్గా ఒక అమ్మాయి, గాలికెగిరే జుట్టు, సైకిలు. కింద 'ఇప్పుడైనా నేర్చుకోండి' అని ఒకే మాట. అత్తగారు కాగితాన్ని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చూశారు.

"ఈ పిల్లెవరు?"

"ఉత్త బొమ్మ, అత్తయ్యా."

"దీనికి తొక్కడం వచ్చుగా. ఇంకేం నేర్చుకుంటుంది?"

కోడలు వినిపించుకోలేదు. పంచిన మర్నాడు చెత్తబుట్ట నిండా నీలమే. ఒక్క కాగితమూ నలగలేదు, ఒక్క మూలా చిరగలేదు. ఫోన్ మాత్రం ఒకసారి మోగింది. కార్లవాడు, స్థలం ఎప్పుడు ఖాళీ అవుతుందని.

ఆ సాయంత్రం వంటింట్లో కోడలు తల పట్టుకుని కూర్చుంది. "ఈ ఆడవాళ్లకి ఆసక్తి లేదత్తయ్యా, మనమేం చేస్తాం?"

అత్తగారు గిన్నె తుడుస్తూ అడిగారు. "నీకు సైకిలొచ్చా?"

"రాదు."

"మరి నువ్వెందుకు చేరలేదు? నేర్పేదాన్ని ఇంట్లోనే ఉన్నాను కదా."

"నాకు తీరికెక్కడిది?"

"చెత్తబుట్టలో చెయ్యిపెట్టుకుని నిలబడ్డానికి తీరికుందిగా!"

కోడలికి కోపం నషాళానికి అంటింది. ఆ కోపంలోనే నిజం బయటికొచ్చేసింది. "పడితే నలుగురూ చూస్తారత్తయ్యా! ఈ వయసులో కాళ్లు పైకెత్తుకుని పడుంటే, పక్కింటావిడ దగ్గర్నుంచి నా క్లయింట్ల దాకా అందరూ నవ్వుతారు. దెబ్బ తగిలినా ఓర్చుకుంటా గానీ ఆ నవ్వు నావల్ల కాదు. అందుకే చేరలేదు. చాలా?"

అనేసి తనే ఆగిపోయింది. ఊళ్లోవాళ్లు పారేసిన కాగితాలు చూసి వాళ్ల మనసు చెప్పగలిగిన మనిషి, ఇదే కాగితం తన చేతికొస్తే ఏం చేస్తుందో ఒక్కసారీ తనని తాను అడగలేదు. మడతైనా పెట్టకుండా పారేసేది. ఆమెకి నిజంగానే సిగ్గేసింది.

"అత్తయ్యా," అంది మెల్లగా, "మీరు పడాలి."

"ఏంటీ?"

"సైకిలు మీంచి. ఫొటో తీస్తాను. కరపత్రం మీద అదే వేద్దాం."

అత్తగారు గిన్నె ఠంగుమని పెట్టారు. "సర్వీసంతా బస్సుకి గీత పడనివ్వనిదాన్ని! నన్ను పడేసి వీధి వీధికీ పంచుతావా?"

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నలిగిపోయినవాడు ఆమె భర్త. 'మీ అమ్మగారిని కాఫీ తాగమనండి', 'మీ ఆవిడని తలుపు వేసుకోమను' అంటూ ఒకే గదిలో ఉన్న ఇద్దరి మధ్య కబుర్లు మోయలేక, ఆఫీసులో పని ఉందని చెప్పి సెలవురోజు కూడా వెళ్లిపోయాడు. చివరికి ఒక పొద్దున అత్తగారు మాసిన బట్టలు కట్టుకుని, సైకిలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"పద. కార్లవాడి పాలు చేసేకన్నా పడ్డమే నయం. కానీ చేరేవాళ్లలో మొదటి పేరు నీదే."

కోడలికి నలుగురి నవ్వూ గుర్తొచ్చింది. అయినా తలూపింది.

తీరా డిపో ఆవరణకి వెళ్లాక, కావాలని పడడం అంత పేరున్న డ్రైవరుకి చేతకాలేదు. ఒకసారి సోఫాలో నడుం వాల్చినట్టు పడ్డారు. ఇంకోసారి ముందు సైకిల్ని పడుకోబెట్టి, నేల మీద దుమ్ము దులిపి, పక్కన తను పడుకున్నారు.

"ఇది పడ్డట్టు లేదత్తయ్యా, కునుకు తీస్తున్నట్టుంది."

"నీ దగ్గర నేర్చుకోవాలా పడ్డం!" అని వెనక్కి తిరిగి తిడుతూ తొక్కిన ఆవిడ, ముందున్న ఇసుక గుట్టని చూసుకోలేదు. దభీమని పడ్డారు. కాళ్లు పైన, ఒక చెప్పు గాల్లో, కళ్లజోడు ఒక చెవికి. కోడలు ముందు ఫొటో తీసి, తర్వాత లేపడానికి పరుగెత్తింది. ఆ వరసని అత్తగారు ఇప్పటికీ క్షమించలేదు.

ఇసుక కాబట్టి దెబ్బలు తగల్లేదు. ఫొటోని కూడా ఆవిడ చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చూశారు.

"పతకం ఎక్కడ వేస్తావు?"

"వెయ్యనత్తయ్యా."

ఆవిడ నిట్టూర్చారు. "సరే. చెప్పు మాత్రం బాగా పడింది."

కొత్త కరపత్రం నిండా ఆ ఫొటోయే. కింద, 'ముందు నేను పడ్డాను. ఇక మీ వంతు. ఇక్కడ గోడ ఎత్తు, వీధిలోకి కనబడదు.' మూలన నంబరు. మర్నాడు బుట్టలో దొరికినవాటిలో చాలావాటికి ఆ మూల లేదు. నెలాఖరుకి ముందే పది మంది దాటారు. కార్లవాడు ఇంకో స్థలం చూసుకున్నాడు.

క్లాసు మొదటి రోజు ఆడవాళ్లంతా గోడ వెంట నిలబడ్డారు. అత్తగారు ఈల వేసి మొదటి పేరు పిలిచారు. కోడలు ఎక్కింది, నాలుగు బారలు వెళ్లింది, హ్యాండిలు తన మాట వినక అదే ఇసుక గుట్ట మీద బోర్లా పడింది. అందరూ పగలబడి నవ్వారు. ఆమె ఇన్నేళ్లూ భయపడ్డ నవ్వు అదే. తలెత్తి చూసేసరికి అత్తగారు ఎదురుగా నిలబడి ఉన్నారు, చెయ్యి అందించడానికి కాదు, ఫోన్ పట్టుకుని.

"లేవకు, అలాగే ఉండు. రెండో కరపత్రానికి."

కోడలు నోట్లోని ఇసుక ఉమ్మేసింది. "కొంచెం ఎడమకి జరగండత్తయ్యా," అంది పడుకునే, "మీ నీడ పడుతోంది."