కాస్త జరగండి బాబూ

ఆడపిల్లతో ఎవరైనా "ఆ దారిన వెళ్ళకు" అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, మా టైపు టీచరుగారు గుర్తొస్తారు.

తొంభైల్లో అమలాపురం పాత బజారు సందులో, మూసేసిన కొట్టు అరుగు మీద సాయంత్రమైతే కుర్రాళ్ళు చేరేవారు. టైపుకి వెళ్ళొచ్చే మమ్మల్ని చూసి పాటలు అందుకునేవారు. మేం తలలు దించుకుని గబగబా దాటేసేవాళ్ళం. ఆ సంగతి తెలిసి మా నాన్నగారు నాచేత టైపు మానిపించేస్తానన్నారు.

అది చెప్పగానే టీచరుగారు ఇన్‌స్టిట్యూటుకి తాళం వేసి, నా చెయ్యి పట్టుకుని తిన్నగా ఆ అరుగు దగ్గరికే నడిచేరు.

"కాస్త జరగండి బాబూ, కూర్చుంటాం."

"ఇది మగాళ్ళు కూర్చునే చోటండీ," అన్నాడొకడు.

"ఆయ్, ఇన్నాళ్ళూ మీదేనండి. ఇవాళ్టి నుంచి మాది కూడానండి," అంటూ చీర కుచ్చిళ్ళు సర్దుకుని వాళ్ళ మధ్యే కూర్చున్నారు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాట ఆగిపోయింది. నా టైపు ఆగలేదు.

మర్నాటి నుంచి మా బేచీ పిల్లలందరం ఆవిడతో కలిసి అక్కడే కూర్చునేవాళ్ళం. కొన్నాళ్ళకి మేం కనబడగానే ఆ కుర్రాళ్ళు లేచి వెళ్ళిపోవడం మొదలెట్టేరు. ఓ సాయంత్రం ఆవిడ వాళ్ళని వెనక్కి పిలిచేరు.

"లేవక్కర్లేదండి బాబూ. జరిగితే చాలు."