కడిగేసిన నాలుగు బిళ్లలు

రోజూ పొద్దున్నే ఆమె చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, కాసేపు గాలికి ఆరనిచ్చిన తర్వాతే తపాలా బిళ్లల ఆల్బమ్ తెరుస్తుంది. బిళ్లను వేళ్లతో ముట్టదు, సన్నటి పట్టకారుతో ఎత్తుతుంది. “అన్నం తినేముందు కూడా ఇంతసేపు కడుక్కోవు కదక్కా!” అని తమ్ముడు ఆటపట్టించేవాడు.

ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు గడిపిన ఆమెను ఊళ్లోని బిళ్లల సేకర్తల సంఘం పరీక్షకురాలిగా పెట్టుకుంది. అక్కడ అందరికీ ఆమె ‘భూతద్దం అక్కయ్య’. పరీక్షించి ఇచ్చే పత్రం మీద ఆమె సంతకం పడిందంటే ఆ బిళ్లకు తిరుగులేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బిళ్లలు ఎగిరిపోకుండా సంఘం గదిలో ఫ్యాను ఆపేశారు. బల్ల మీద, దొంగ బిళ్లలున్నాయన్న ఫిర్యాదు మీద తెప్పించిన తమ్ముడి ఆల్బమ్ ఉంది. అందులో నాన్న సేకరించిన ఐదు నమూనా బిళ్లలు. ఒకప్పుడు కొత్త బిళ్ల అచ్చయితే, ఎవరూ ఉత్తరానికి అతికించి వాడేయకుండా దాని మీద అడ్డంగా ‘నమూనా’ అని అచ్చువేసి, ఇతర దేశాల తపాలా శాఖలకు పంపేవారు. అక్కడి గుమాస్తాలు వాటిని లావుపాటి పుస్తకాల్లో అతికించుకునేవారు. ఆ పుస్తకాలు పాతబడ్డాక కత్తిరించి తెచ్చినవే ఇవి. వెనక అంటుకుపోయిన కాగితం ముక్కే వాటికి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే సాక్ష్యం.

బిళ్లల దుకాణదారు గొంతు సవరించుకున్నాడు. “ఒక్కదాని వెనకే పాత కాగితం ఉంది. మిగతా నాలుగూ కడిగిన పళ్లెంలా ఉన్నాయి. ఆ ఒక్క అసలుదాన్ని చూసి, మామూలు బిళ్లల మీద ఈయనే ‘నమూనా’ అని అచ్చు కొట్టించాడు.”

“నాకేం ఖర్మయ్యా!” తమ్ముడి మొహం కందగడ్డయింది. “మా నాన్న ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.”

“ఎవరైనా కడిగారేమో అనుకుందామంటే, ఐదేళ్ల కిందట మీ అక్కగారే పత్రం రాసిచ్చారు. ‘ఐదింటి వెనక భాగాన్నీ ఎవరూ ముట్టుకోలేదు’ అని. ఇంకేం మిగిలింది?”

సంఘం అధ్యక్షుడైన లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “దొంగ బిళ్లలని తేలితే సంఘంలోంచి ఈయన పేరు కొట్టేయక తప్పదు. అక్కయ్యా, చూసి చెప్పండి.”

ఆమె పట్టకారు తీసింది గానీ బిళ్లను ఎత్తలేదు. పదహారేళ్లప్పుడు, నాన్న ఊళ్లో లేని రోజు, ఆయన్ని మెప్పించాలని ఆ బిళ్లల వెనక ‘మురికి’ని పళ్లెంలో నీళ్లుపోసి నానబెట్టి కడిగేసింది. ఐదోది తీయబోతుండగా అమ్మ పిలిచింది. నాన్న వచ్చి చూశాడు. ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం భరించలేకే ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చివరికి పత్రంలోనూ అబద్ధమే రాసింది. ఇప్పుడు నోరు విప్పితే తన మాటకు పూచికపుల్ల విలువ ఉండదు. విప్పకపోతే తమ్ముడు దొంగ.

తమ్ముడు ఆమెకేసే చూస్తున్నాడు. “చెప్పక్కా, నీకు తెలుసుగా!”

“మాస్టారూ, మూడోదాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూడండి. కింది మూల గోటి ఆకారంలో పలచబడి ఉంటుంది. కాగితం ఊడిరాకపోతే బొటనవేలి గోరుతో గీకాను. నాలుగూ కడిగింది నేనే.”

మాస్టారు కిటికీ దగ్గరకు వెళ్లాడు. పట్టకారుతో బిళ్లను వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. “ఉంది” అన్నాడు. దుకాణదారు గబగబా వెళ్లి తనూ చూశాడు. “మీ సంతకం ఉంది కదా అని నేను వెలుతురులో పెట్టి చూడనే లేదు” అని గొణిగాడు.

“మరి ఈ పత్రం?” మాస్టారు గొంతు మెత్తగానే ఉంది.

“అబద్ధం. తెలిసే రాశాను.”

“అక్కా, ఇదంతా ఎందుకు చెప్పావే...” తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఊరుకోరా. నువ్వు చెయ్యని పనికి నిన్నెందుకు అననిస్తాను?”

తమ్ముడి పేరు కొట్టేయలేదు. ఆమె రాసిచ్చిన రెండు వందల చిల్లర పత్రాలను మాత్రం వెనక్కి తెప్పించారు. ఒక్కొక్క బిళ్లనూ ఇప్పుడు దుకాణదారు మళ్లీ పరీక్షిస్తున్నాడు. ఆమె ఆదివారాలు సంఘం గదికి వెళ్లి, మామూలు సభ్యురాలిగా వెనక వరుసలో కూర్చుంటోంది.