పలకకుండా తెంపాల్సిన గలిజేరు

బత్తాయి తోటలో గలిజేరును పీకొద్దని మా బాపు కూలీలకు చెప్పినప్పుడు ఊరంతా నవ్వింది. కలుపు పీకడానికే కదా వాళ్లను పిలిచింది. నేలంతా పరుచుకునే ఆ తీగ చెట్ల కింద తడిని ఆరనివ్వదని ఆయన వాదన. నిజం చెప్పాలంటే ఆ ఎండాకాలం మా చెట్లు పక్కవాళ్ల చెట్లకంటే పచ్చగానే ఉన్నాయి. దాంతో ఆయనకు కొమ్ములు మొలిచాయి. ఆకును పప్పులో వేయించాడు, వేళ్లను ఎండబెట్టించాడు, ఊళ్లో ఎవరికే నొప్పి ఉన్నా అదే వాడమన్నాడు, చివరికి తన కాళ్ల వాపుకు కూడా అదే మందన్నాడు.

కాళ్లు అప్పటికే బాగా వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండేది. చెప్పులు పట్టక వట్టి కాళ్లతో తిరిగేవాడు. అమ్మ దవాఖానకు పోదామంటే, "మందు ఇంటికాడ్నే మొలుస్తాంటే దవాఖాన ఎందుకే?" అనేవాడు.

ఆ మందుకొక నియమం ఉంది. తెల్లవారుతుండగా పోయి, ఎవరితోనూ పలకకుండా తెంపుకురావాలి. దారిలో నోరు విప్పితే ఆ రోజు ఆకులో బలం ఉండదట. అమ్మకు ఆకు మీద నమ్మకం లేదు గానీ, ఆ నియమాన్ని బాపు తప్పడని మాత్రం గట్టి నమ్మకం. మందు దొరక్కపోతే దవాఖానకు తనే దిగివస్తాడని ఆమె లెక్క వేసుకుంది.

మర్నాడు ఉదయం బాపు గడప దాటగానే అమ్మ మెల్లగా అడిగింది. "మోటరు రాత్రంతా నడిచినట్టున్నది. బంద్ జేసినవా?"

"ఎప్పుడో జేసిన" అని బాపు వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఆ రోజు మందు లేదు.

తర్వాతి రోజు బర్రె తాడు తెంపుకుందని చెప్పింది. ఆ తర్వాత, పక్క చేనాయన మన గట్టును జరుపుతున్నాడంది. గట్టు మాటకు పలకని రైతు మా వైపు ఇంకా పుట్టలేదు. దీంతో బాపు నోట్లో తువ్వాల కుక్కుకొని బయలుదేరడం మొదలుపెట్టాడు. అమ్మ వీధిలోని ఆడవాళ్లను తన వైపు కలుపుకుంది. ఒకామె సర్పంచు ఎలక్షన్ సంగతి ఎత్తేది. ఇంకొకామె అరుగు మీద నుంచే, "మామా, గీ యాడాది వానలు పడతయంటవా?" అని అడిగేది. వానల సంగతి వస్తే ఇక తువ్వాల ఆగదు.

నాకు మొదట్లో నవ్వొచ్చేది. రానురానూ ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఇటు ఆకూ లేదు, అటు దవాఖానా లేదు, వాపు మాత్రం మోకాళ్ల దాకా ఎక్కింది.

ఒక ఉదయం బాపు తోట గట్టు ఎక్కలేక అక్కడే కూలబడ్డాడు. అమ్మా నేనూ పరుగెత్తాం. ఆ రోజు ఆమె మోటరు మాట, బర్రె మాట ఎత్తలేదు.

"నీకేమన్నయితే నేనేం గావాలె?" అంది.

బాపు నోట్లోంచి తువ్వాల తీశాడు. "మా అన్నను దవాఖానల పండబెట్టినంక మల్ల లేవలే. నాకు భయమైతాందే" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నోట భయమన్న మాట నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ పక్కన కూర్చొని ఆయన పాదాలకంటిన మట్టిని చేత్తో తుడిచింది. "నేను పక్కన్నే ఉంట. నడువు" అంది.

నల్లగొండ దవాఖానలో డాక్టరు బీపీ చూసి, ఇన్నాళ్లు ఏం చేశారని కోప్పడ్డాడు. ఇప్పటికైనా వచ్చారు కాబట్టి మాత్రలతో దారికొస్తుందన్నాడు. పరీక్షలు చేసే గదిలోకి రోగి ఒక్కరే రావాలని నర్సు చెప్పింది. బాపు బుద్ధిగా తల ఊపాడు గానీ, అమ్మ కొంగు వదల్లేదు. నర్సు మళ్లీ చెప్పింది. ఊరందరికీ వైద్యం పాఠాలు చెప్పిన మనిషి, ఆ కొంగును పిడికిలికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. చివరికి నర్సే తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కనే లోపలికి పోయారు.